పికప్ తగ్గిందా? ముందు సరిగ్గా కొలవండి

ఆరు సిలిండర్ల పాత పెట్రోలు కార్ల పికప్ గురించి ఉమ్మడి చిత్తూరు జిల్లా పాఠకులు అడిగిన ప్రశ్నలివి.

ప్రశ్న: 2002 మోడల్ బీఎండబ్ల్యూ 330ఐ, ఐదు గేర్ల మాన్యువల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. సున్నా నుంచి 100కి 6.5 సెకన్లని కంపెనీ లెక్క. మే నెలలో ముగ్గురం కూర్చుని, స్పీడోమీటర్ చూస్తూ ఫోన్ స్టాప్‌వాచ్‌తో కొలిస్తే 9 సెకన్లు దాటింది. ఇంజన్ పని అయిపోయినట్టేనా?
– ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: అంత తొందర వద్దు. ముందు ఆ 9 సెకన్లలో ఇంజన్ తప్పు ఎంతో విడదీయాలి. డ్రైవరు కాక ఇద్దరంటే 140 కిలోలు, దానికే అర సెకను పైన పోతుంది. 40 డిగ్రీల ఎండలో గాలి పలుచబడి ఇంజన్ బలం సుమారు 5 శాతం తగ్గుతుంది. ఇంకో మెలిక ఏమిటంటే, ఈ గేర్‌బాక్స్‌తో రెండో గేరును ఎర్రగీత (ఇంజన్ తిరగగల గరిష్ఠ వేగం గుర్తు) దాకా లాగితేనే 100 అందుతుంది. కాస్త ముందే మూడోది వేశారా, ఇంకో అర సెకను పోయినట్టే. క్లచ్ వదిలే నేర్పు సంగతి సరేసరి.

స్పీడోమీటర్ మాత్రం మీకు అనుకూలంగానే అబద్ధం చెప్పింది. యూరప్ నిబంధన ప్రకారం అది అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు, ఎక్కువ చూపొచ్చు. పరిమితి 10 శాతం, ఆపైన 4 కిలోమీటర్లు. ముల్లు 100 మీద ఉన్నప్పుడు కారు నిజంగా 94 దగ్గర ఉండటం మామూలే. అంటే అసలు సమయం మీరు కొలిచిన దానికన్నా ఎక్కువ. సాకులన్నీ తీసేసినా సెకను దాకా మిగులుతుంది కాబట్టి అనుమానం న్యాయమే. కానీ సున్నా నుంచి 100 పరీక్షతో అది తేలదు. అందులో సగం డ్రైవరు కాలి పనితనమే.

పాత కారుకు పనికొచ్చే పరీక్ష వేరు. మూడో గేరులోనే ఉంచి, 35 దగ్గర నిలకడగా నడిపించి, పెడల్ ఒక్కసారిగా అడుగంటా తొక్కండి. 40 నుంచి 80కి పట్టిన సమయం రాసుకోండి. తర్వాత అదే గేరులో 55 నుంచి మొదలుపెట్టి 60–100 కొలవండి. క్లచ్ లేదు, గేరు మార్పు లేదు, ఇంజన్ ఒక్కటే మాట్లాడుతుంది. మీ కారులో మూడో గేరు 60 దగ్గర సుమారు 2,500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు), 100 దగ్గర 4,200 లోపు. డ్రైవరు, కొలిచే మనిషి మాత్రమే ఉంటే లెక్క ప్రకారం రెండు సమయాలూ 5 నుంచి 5.5 సెకన్ల మధ్య, ఇంచుమించు ఒకటిగా రావాలి.

అసలు ఆచూకీ వాటి తేడాలోనే దొరుకుతుంది. 40–80 బాగా నెమ్మదించి 60–100 పర్వాలేదంటే తప్పు కింది ఆర్‌పీఎంలో ఉంది. వానోస్ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే భాగం) యూనిట్ లోపలి రబ్బరు రింగులు వయసుకు గట్టిపడి ఉంటాయి, లేదా ఇన్‌టేక్ మానిఫోల్డ్ పక్కన ఉండి లోపలికి వెళ్లే గాలి దారిని మార్చే డీసా వాల్వ్ రెక్క వదులై ఉంటుంది. ఈ రెండోదాన్ని నిర్లక్ష్యం చేయొద్దు: విరిగిన పిన్ను ఇంజన్ లోపలికి పోయిన సందర్భాలున్నాయి. అడుగున బాగుండి పైకి పోయేకొద్దీ ఊపిరాడనట్టు అయితే ఫ్యూయల్ ఫిల్టరు, పంపు, ఎయిర్‌ఫ్లో సెన్సర్, మూసుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్ – ఈ వరుసలో చూడండి. ఇంధన ఒత్తిడి 3.5 బార్ ఉండాలి. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా అది నిలబడాలి. ఐడిల్‌లో, అంటే బండి నిలిపి ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు, చూసి సరే అనే మెకానిక్ మాట లెక్కలోకి రాదు.

ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌ను చదివే పరికరం) ఉంటే ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో, చూడండి. ఐడిల్‌లో ప్లస్ 10 శాతం దాటి, 2,500 ఆర్‌పీఎం దగ్గర మామూలైపోతే ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి దూరుతోంది. ఎయిర్‌ఫ్లో సెన్సర్ నుంచి థ్రాటిల్‌కు వెళ్లే రబ్బరు గొట్టం మడతల్లో, అదీ కింది వైపు, పగులు ఉంటుంది. పైనుంచి కనిపించదు, విప్పి వంచి చూడాలి లేదా స్మోక్ టెస్ట్ (పొగ పంపి పగులు పట్టే పరీక్ష) చేయించాలి. కొందరు ఇక్కడే డబ్బు తగలేసుకుంటారు: తక్కువలో పోయే గొట్టాన్ని చూడకుండా ఎక్కువ పోసి వానోస్ విప్పిస్తారు. వానోస్ విప్పక తప్పకపోతే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కూడా అప్పుడే మార్చేయండి, ఎలాగూ తీయాల్సిందే.

ఎక్కడ కొలవాలన్నది ముఖ్యం. 40–80 అయితే పొద్దున్నే ఖాళీగా ఉన్న తిన్నని హైవే ముక్క మీద వేగ పరిమితిలోనే ముగుస్తుంది. 60–100కి శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్ లాంటి చోటు ఉత్తమం, తిరుపతికి మరీ దూరమూ కాదు. మరో బండితో రోడ్డు మీద పోటీ పెట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే 3 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా. తిరుమల ఘాట్ రోడ్డు మీద ఇలాంటి ఆలోచనే పెట్టుకోవద్దు. అక్కడ ఘాట్ దాటడానికి పెట్టిన కనీస సమయం కన్నా ముందు చేరినా తప్పే.

ప్రశ్న: ఒకే రోజు, ఒకే రోడ్డు. పూతలపట్టు వైపు వెళ్తూ కొలిస్తే ఒక అంకె, తిరిగి వస్తూ కొలిస్తే అర సెకను తేడా. ఫోన్ యాప్ పనికిరాదా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: యాప్ తప్పూ ఉంది, రోడ్డు తప్పూ ఉంది. వంద మీటర్లకు ఒక్క మీటరు ఎత్తు కంటికి ఆనదు. అయినా 5 సెకన్ల పరుగులో అది పావు సెకను తినేస్తుంది, తిరుగు దారిలో పావు సెకను ఇస్తుంది. మీ అర సెకను అక్కడే తేలింది. చిత్తూరు చుట్టుపక్కల సమతలంగా ఉన్న రోడ్డు వెతకడం దండగ. రెండు వైపులా మూడేసి సార్లు కొలిచి, సగటు తీయండి. ఎదురుగాలి, వెనకగాలి కూడా దాంతో చాలావరకు కొట్టుకుపోతాయి.

ఫోన్ జీపీఎస్ సాధారణంగా సెకనుకు ఒక్కసారే వేగం చెబుతుంది. 5 సెకన్ల పనిని దాంతో కొలిస్తే అర సెకను అటూ ఇటూ అవుతుంది. సెకనుకు 10 లేదా 25 సార్లు చదివే విడి జీపీఎస్ పెట్టె కొనండి, డాష్‌బోర్డు మీద ఆకాశం కనిపించేలా పెట్టండి. అందులో ‘రోల్ అవుట్’ అనే సెట్టింగ్ ఉంటుంది. అమెరికా పద్ధతిలో మొదటి అడుగు దూరాన్ని లెక్కలోంచి వదిలేస్తారు, దాంతో సున్నా–100 సమయం 0.3 సెకను దాకా తగ్గి కనిపిస్తుంది. పత్రికల్లో, వీడియోల్లో గొప్ప అంకెలు చూసి బాధపడే ముందు అది ఆన్‌లో ఉందో లేదో అడగండి. ప్రతిసారీ టైర్లలో గాలి, సగం ట్యాంకు పెట్రోలు, ఏసీ ఆఫ్, అదే మనుషులు – వీటిలో ఒక్కటి మారినా పాత అంకెతో పోల్చకూడదు.

ప్రశ్న: డైనో (ఇంజన్ బలం కొలిచే యంత్రం) దగ్గరికి వెళ్లకుండా హార్స్‌పవర్ లెక్క కట్టొచ్చా?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: ఉజ్జాయింపుగా కట్టొచ్చు. ముందు బండిని మనుషులతో సహా వేబ్రిడ్జి మీద తూచండి. (జూన్, జులైలలో వద్దు. తోతాపురి మామిడి ట్రాక్టర్ల వరుస దాటేసరికి పూట గడిచిపోతుంది.) బరువు 1,650 కిలోలు, 60–100 సమయం 5.3 సెకన్లు అనుకుందాం. వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చితే 16.7, 27.8. రెండింటి వర్గాల తేడా 494. దాన్ని సగం బరువుతో, అంటే 825తో గుణించి 5.3తో భాగిస్తే సుమారు 77 కిలోవాట్లు. గాలి, టైర్ల రాపిడి మింగేది మరో 8. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ నష్టం 15 శాతం కలిపితే ఇంజన్ దగ్గర 100 కిలోవాట్లు, అంటే సుమారు 136 హార్స్‌పవర్. ఇది ఆ పరుగు మొత్తానికి సగటు. కారు కాగితాల్లోని గరిష్ఠ అంకె దాదాపు 6,000 ఆర్‌పీఎం దగ్గరిది, దీన్ని దాంతో పోల్చి కంగారు పడొద్దు. రిపేరుకు ముందు, తర్వాత ఇదే లెక్క వేయండి చాలు. హార్స్‌లీ హిల్స్ మీద కొలిస్తే గాలి పలుచన వల్ల పదో వంతు పోతుంది, అక్కడి అంకెను కింద వాడకండి.

ప్రశ్న: హోండా అకార్డ్ వీ6 ఆటోమేటిక్. బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ తొక్కి పట్టి వదిలితే మంచి సమయం వస్తుందంటున్నారు. చేయొచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: చేయొద్దు. చక్రాలు కదలకుండా ఇంజన్ తిరిగితే ఆ శక్తంతా టార్క్ కన్వర్టర్‌లో (ఇంజన్‌కూ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కూ మధ్య ఆయిల్‌తో పనిచేసే భాగం) వేడిగా మారి గేర్ ఆయిల్‌ను ఉడికిస్తుంది. పాత గేర్‌బాక్స్‌లో క్లచ్ ప్లేట్లకు అదే చివరి దెబ్బ కావచ్చు. 40–80 కిక్‌డౌన్‌తో, అంటే పెడల్ అడుగంటా తొక్కి గేరు దానంతటదే దిగేలా చేసి, కొలవండి. పెడల్ తొక్కాక గేరు దిగడానికి తడబడినా, గేరు మారేటప్పుడు ఆర్‌పీఎం ఒక్కసారి ఎగిరినా ముందు ఆయిల్ చూడండి. నల్లబడి మాడిన వాసన వస్తుంటే పూర్తిగా ఫ్లష్ చేయించకుండా, డ్రెయిన్ బోల్టు విప్పి వచ్చినంత, సుమారు 3 లీటర్లు, తీసి హోండా డీడబ్ల్యూ–1 గేర్ ఆయిల్ పోయండి. అన్ని గేర్లూ పడేలా కాసేపు నడిపి మళ్లీ తీసి పోయండి; అలా మూడు సార్లు చేస్తే పాతది చాలావరకు పోతుంది. ఆ తర్వాతే స్టాప్‌వాచ్ పట్టండి.