అన్నిటికీ ఒకే టేబుల్ అనకు

చిట్టీ,

కంపెనీ ప్రొడక్టులన్నిటికీ డిజైన్ సిస్టమ్, అంటే అన్ని స్క్రీన్లూ వాడుకునే బటన్లు, టేబుళ్లు, రంగుల ఉమ్మడి సెట్టు, చూసే బాధ్యత నీకిచ్చారని మీ అమ్మ చెప్పింది. సంతోషంతో పాటు టెన్షన్ కూడా పట్టుకుంది. అన్నీ ఒకేలా సర్దేదాకా నీకు నిద్రపట్టదు. ఈ పనిలో ముంచేది అదే.

డిజైన్లు గీసే ఫిగ్మాలో ఉన్నదీ కోడ్‌లో ఉన్నదీ ఒకటే అయ్యుండాలి, మార్పు చేసినప్పుడల్లా వెర్షన్ నంబరు మార్చాలి. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

నేను పనిచేసిన ఒకచోట కస్టమర్ల యాప్‌కీ, స్టాఫ్ రోజంతా డేటా ఎంట్రీ చేసే స్క్రీన్‌కీ ఒకే టేబుల్ పెట్టారు. కస్టమర్లు వేలితో నొక్కుతారు కదా అని వరుసల ఎత్తు పెంచారు. దాంతో స్టాఫ్‌కి ఒక్క చూపులో కనిపించే వరుసలు సగమయ్యాయి. పొద్దస్తమానం స్క్రోల్ చెయ్యడమే. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు, చేసుంటే బాగుండేది! ఆ టీమ్ పాత టేబుల్‌ని కాపీ చేసుకుని పని కానిచ్చేసింది. వాళ్లని చూసి ఇంకో టీమ్. తర్వాత సిస్టమ్‌లోని అసలు టేబుల్‌లో కీబోర్డ్‌తో కదలలేని లోపాన్ని సరిచేశారు. కాపీలకు అది చేరనే లేదు. రిపోర్టులో మాత్రం అందరూ సిస్టమే వాడుతున్నట్టు ఉండేది.

అందుకే టోకెన్ల దగ్గర, అంటే రంగులకీ కొలతలకీ పెట్టే పేర్ల దగ్గర, తొందరపడకు. ‘నీలం-500’ లాంటి ఉత్త రంగు పేరుని నేరుగా స్క్రీన్లలోకి రానివ్వకు. ‘ముఖ్య బటన్ రంగు’, ‘వరుస ఎత్తు’ అని చేసే పనిని బట్టి పేర్లు పెట్టి మధ్యలో ఇంకో పొర ఉంచు. పేరు అందరికీ ఒకటే, విలువ ఏ ప్రొడక్టుకి ఆ ప్రొడక్టుది. స్టాఫ్‌కి ఇరుకు వరుసలిచ్చినా కొన్నిటి దగ్గర బేరం వద్దు. వెబ్ అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణాల ఏఏ స్థాయిలో మామూలు సైజు అక్షరాలకు కాంట్రాస్ట్, అంటే వెనక రంగుతో తేడా, కనీసం 4.5:1 ఉండాలి. నొక్కే చోటు, కొన్ని మినహాయింపులు పోను, 24 పిక్సెళ్లకు తగ్గకూడదు. ఇరుకు వరుసలో ‘లక్ష్మి’ అని టైప్ చేసి చూడు, కింద ఒత్తు తెగితే ఆ ఎత్తు చాలనట్టే.

నా భయమల్లా చప్పుడు చెయ్యని టీముల గురించే. చాన్నాళ్లుగా ఒక్క ప్రశ్నా అడగని టీమ్ ఉంటే వెళ్లి వాళ్ల పక్కన కూర్చో. కాపీ కనబడితే మండిపడకు, నీ కోపం నాకు తెలుసు. ఎందుకు చేసుకున్నారో అడుగు. ఇంకెవరికైనా అదే అవసరముంటే సిస్టమ్‌లోకి తీసుకో, లేకపోతే వాళ్ల దగ్గరే ఉండనీ.

అర్ధరాత్రి దాకా మెసేజీలకు జవాబులిస్తున్నావట. వారానికో గంట అందరికీ కలిపి కేటాయించు, మిగతా వేళల్లో ఫోన్ పక్కన పెట్టి పడుకో తల్లీ. టోకెన్ల పేర్లు ఖాయం చేసేముందు ఒకసారి నాకు పంపు, చూస్తాను.

పెద్దమ్మ