మినుములు పుచ్చిపోతుంటే

తమ్ముడూ, వరి కోసిన మడిలో పండించుకున్న మినుములు డ్రమ్ములో పోస్తే రెండు నెలలకే పుచ్చుతున్నాయని రాశావు. డ్రమ్ము మార్చి లాభం లేదు. పెంకుపురుగు చేలోనే కాయల మీద గుడ్లు పెట్టేస్తుంది, గింజతో పాటే ఇంటికొస్తుంది.

ముందు జల్లెడ పట్టి టార్పాలిన్ మీద పలచగా ఎండబెట్టు. కొరికితే గింజ టక్కున విరగాలి. పంటి గాటు పడిందంటే ఇంకా తేమ ఉన్నట్టే. బాగా ఎండాక, మిట్టమధ్యాహ్నం పైన పలచని పాలిథిన్ షీటు రెండు మూడు గంటలు కప్పి ఉంచితే ఆ వేడికి గింజ లోపలి పురుగు కూడా చస్తుంది. మన శ్రీకాకుళం ఎండలు ఇందుకైనా పనికొస్తాయి! సాయంత్రం మాత్రం బయట వదలకు, సముద్రపు గాలికి గింజ మళ్లీ మెత్తబడుతుంది.

పూర్తిగా చల్లారాక కిలోకి 5 మిల్లీలీటర్ల నువ్వుల నూనె ప్రతి గింజకీ అంటేలా పట్టించు. విత్తనానికి దాచేవాటికి అదే కొలతలో వేపనూనె పట్టించి వేరే డబ్బాలో పెట్టు. డ్రమ్ములో పోశాక పైన రెండు వేళ్ల మందాన పొడి ఇసుక పరిచి మూత బిగించు.

పురుగు చావడానికి గింజల్లో పెట్టమని ఎవరో చెప్పిన విషపు గోళీలు (అల్యూమినియం ఫాస్ఫైడ్) ఇంట్లో పెట్టొద్దు, ఆ గ్యాస్ మనుషుల్ని చంపుతుంది. ఇంత శ్రమ వద్దనుకుంటే తిండికి సరిపడా ఇప్పుడే పప్పు విసిరించెయ్. ఈ పురుగుకి బద్దల కంటే గుండు గింజలే ఇష్టం.