అల్లుడూ, ముందు ఆ సెంటు మందు మానెయ్

అల్లుడూ,

నీ పందుల షెడ్డు కంపు భరించలేక ఊళ్లోవాళ్లు పంచాయతీలో అర్జీ పెట్టారట కదా, నువ్వేమో డబ్బాలకి డబ్బాలు సెంటు మందు కొని చల్లుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పి బాధపడింది. ఆ మందు మానెయ్, డబ్బు దండగ. పెంట, మూత్రం కలిసి తడిగా ఎంతసేపు పడుంటే అంత కంపు. మూత్రంలో యూరియా ఉంటుంది, పెంటలోని ఎంజైము దాన్ని గంటల్లోనే అమ్మోనియా చేసేస్తుంది. ఆ రెండింటినీ కలవనీయకుండా చూడు, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

గచ్చుకి నాలుగు అడుగులకి ఒక అంగుళం వాటం ఉందో లేదో చూసుకో. పొద్దున్నే పైపు పట్టుకోకు, ముందు పారతో పెంట ఎత్తించి ఆ తర్వాతే నీళ్లు కొట్టించు, లేకపోతే తట్టలో పోయేది గోతి నిండా జావై కూర్చుంటుంది. పంది శుభ్రమైన జంతువు, పడుకునే చోట పాడు చేసుకోదు. కాలవ పక్క మూల తడిపి ఉంచి, పడుకునే వైపు పొడిగా ఉంచితే కొత్తగా వచ్చిన పిల్లలు కూడా ఆ మూలకే వెళ్లడం నేర్చుకుంటాయి. మరీ ఇరుగ్గా కుక్కితే మాత్రం ఎక్కడ పడితే అక్కడే వేస్తాయి.

పిల్లల దాణానే పెద్దవాటికీ పెడుతున్నావేమో చూడు. పిల్లల దాణాలో మాంసకృత్తులు ఎక్కువ, పెద్దవాటి ఒంటికి పట్టనివి మూత్రంలో నత్రజనిగా బయటికొస్తాయి, డబ్బూ పోతుంది, కంపూ పెరుగుతుంది.

ఎత్తిన పెంటని వరిగడ్డి, రంపపు పొట్టు కలిపి నడుమెత్తు కుప్ప వెయ్యి. గుప్పెట్లో పిసికితే చెయ్యి తడవాలి గానీ నీళ్లు కారకూడదు. కారితే ఇంకాస్త గడ్డి కలుపు. ఇనుప చువ్వ గుచ్చి కాసేపాగి తీస్తే పట్టుకోలేనంత వేడిగా ఉండాలి. లోపల 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలబడితేనే నులిపురుగుల గుడ్లు చస్తాయి. వేడి తగ్గగానే తిరగెయ్యి.

షెడ్డులో గాలి సంగతి నిలబడితే తెలియదు, పంది ముక్కు ఎత్తున కూర్చుని చూడు, కళ్లు మండితే వాటికి అది రాత్రీ పగలూ ఉన్నట్టే, దగ్గు అందుకే వస్తుంది. చలికాలం గోనెపట్టాలు కట్టినా పైన జానెడు సందు వదులు.

ఇది మాత్రం జాగ్రత్తగా చదువు. గోతిలో పెంట కలియబెట్టినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఒక్కసారిగా లేస్తుంది. మొదట కుళ్లిన గుడ్ల వాసన, మోతాదు పెరిగితే ముక్కే పనిచెయ్యదు, వాసన పోయిందనుకుని దిగినవాడు అక్కడే పడిపోతాడు. మూతికి తువ్వాలు కట్టుకున్నా అది ఆగదు. నువ్వు దిగకు, పనివాళ్లని దింపకు, ఎవరైనా పడితే కాపాడదామని కూడా దూకకు, ముందు 108కి, 101కి ఫోన్ చెయ్యి. ఒకడి వెనక ఒకడు పోయేది అలాగే.

కుప్ప తిరగేసే పని సాయంత్రం పెట్టుకోకు, గాలి కదలక కంపు ఊరి మీదే పరుచుకుంటుంది. పది గంటలకి, గాలి ఊరివైపు లేని రోజు చూసుకో. అర్జీ పెట్టినవాళ్లలో పొలం ఉన్నవాళ్లకి మాగిన ఎరువు తలా ఒక ట్రాక్టరు నువ్వే తోలించు.

మీ మామయ్య