“ఊరికే సప్లైలో చేశాను” అనకండి

ప్రశ్న: సరదాకి వార్‌గేమ్స్ (మ్యాపు మీద బిళ్లలతోనో బొమ్మసైనికులతోనో ఆడే యుద్ధం ఆటలు) ఆడేవాళ్లలో నిజంగా ఫౌజులో పనిచేసినవాళ్లున్నారా? మీరు ఏ సర్వీసు? అది ఆటలో పనికొస్తుందా?

ఉన్నాం. నేనొకణ్ణి. 1990 నుంచి 2014 దాకా 24 ఏళ్లు ఏ.ఎస్.సి.లో, అంటే ఫౌజుకు సరుకులు చేరవేసే ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరుగా చేశాను. హవల్దారుగా పింఛనుకు వచ్చాను. మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట దగ్గర పల్లె. మా ఉద్దానంలో తెల్లారగట్ల రోడ్డెక్కితే చాలు, ఫౌజు ర్యాలీ కోసం పరుగులు తీసే కుర్రాళ్లు కనిపిస్తారు. నేనూ ఆ రోడ్డు మీద పరుగెత్తినవాణ్ణే. బెంగళూరు సెంటర్లో ట్రైనింగ్. యూనిట్ పేరు రాయను, అడగొద్దు.

తుపాకీ పట్టుకొని కొండెక్కి దాడి చేసినవాణ్ణి కాను. స్టీరింగ్ పట్టుకున్నవాణ్ణి. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, హైదరాబాదులో ఈ ఆటలు ఆడేవాళ్లం పదిమందిమి కూడినప్పుడల్లా “మీరు ఏ ఆర్మ్ సార్?” అనే మాట తప్పకుండా వస్తుంది. ఇన్‌ఫాంట్రీలో చేసినాయన గట్టిగా చెబుతాడు. ట్యాంకుల్లో చేసినాయన ఇంకా గట్టిగా చెబుతాడు. తర్వాత ఒకాయన గొంతు తగ్గించి “నేను ఊరికే స్టోర్స్‌లో అండీ” అంటాడు. ఇంకొకాయన “ఊరికే ఈఎంఈ (ఫౌజు బండ్లు, ఆయుధాలు బాగుచేసే విభాగం) మెకానిక్‌ని” అంటాడు. ఆ “ఊరికే” వింటే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. ఈ జవాబు రాయడానికి అసలు కారణం అదే.

ఈ ఆటల్లోకి నేనెలా వచ్చానో చెబుతాను. రిటైరయ్యాక కొండాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరాను. నాలుగో అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ అబ్బాయికి ఒకరోజు పార్సెల్ వచ్చింది. అట్టపెట్టె చిరిగి, లోపలి బిళ్లలన్నీ గేటు దగ్గర నేలపాలయ్యాయి. ఏరుతుంటే చూశాను, వేలిగోరంత అట్టముక్కల మీద మన గుర్తులే! మూల నుంచి మూలకు ఇంటూ గుర్తులా రెండు గీతలు కొట్టిన పెట్టె ఇన్‌ఫాంట్రీ. మధ్యలో నల్లచుక్క ఉన్నది ఆర్టిలరీ. యూనిట్‌లో మ్యాపుల మీద చూసిన గుర్తులు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కనిపించేసరికి ఒళ్లు ఝల్లుమంది. “బాబూ, ఇందులో మా ఏ.ఎస్.సి. బిళ్ల ఏదీ?” అని అడిగాను. “సప్లైకి బిళ్ల ఉండదంకుల్. రోడ్డు తెగకపోతే సప్లై ఉన్నట్టే లెక్క” అన్నాడు.

రోడ్డు ఉంటే సప్లై ఉన్నట్టేనట! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1999 జూన్, కార్గిల్ యుద్ధం నాటి సంగతి ఇక్కడ చెప్పాలి. కశ్మీర్‌లో సోనామార్గ్ వైపు నుంచి జోజిలా కనుమ దాటి ద్రాస్‌కు గుండ్లు తోలుతున్నాం. బోఫోర్స్ తోపులకు 155 మిల్లీమీటర్ల గుండ్లు. ఒక్కోటి 40 కిలోల పైమాటే. జోజిలా ఎత్తు 11,500 అడుగులు దాటుతుంది. అక్కడ మంచుగోడల మధ్య బండి నడపడం ఒక ఎత్తయితే, మటాయన్ దాటాక ద్రాస్ వైపు సాగడం మరో ఎత్తు. ద్రాస్ పైనున్న టోలోలింగ్ కొండ మీద కూర్చున్న శత్రువుకు కింద హైవే అరచేతిలో గీతలా కనిపిస్తుంది. పగలు బండి కదిలితే చాలు, గుండు వచ్చి పడుతుంది. అందుకే చీకటి పడ్డాక, హెడ్‌లైట్లు ఆర్పేసి వెళ్లాలి.

మిలిటరీ బండి వెనక ఎప్పుడైనా వంగి చూశారా? ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండుకు తెల్ల రంగు వేసి ఉంటుంది. దాని మీద పడేలా ఒక చిన్న బల్బు ఉంటుంది. పైనుంచి చూసేవాడికి అది కనిపించదు, వెనక డ్రైవరుకు మాత్రం కనిపిస్తుంది. రాత్రంతా ఆ తెల్లచుక్కను పట్టుకొని నడపాలి. చుక్క ఆగితే ఆగాలి, కదిలితే కదలాలి. కుడిపక్క ఏముందో ఎడమపక్క ఏముందో తెలియదు.

ఆ రాత్రి పాంద్రాస్ దాటాక నా ముందు చుక్క ఆగింది. ఐదు నిమిషాలు చూశాం. పది నిమిషాలు చూశాం. దిగి వెళ్లి చూస్తే, నాకు ముందు మూడో బండి ఇరుసు విరిగి రోడ్డుకు అడ్డంగా నిలబడిపోయింది. దాని వెనక మేమంతా వరసగా నిలబడిపోయాం, ప్రతి బండి నిండా గుండ్లే. తెల్లారేసరికి ఇక్కడే ఉంటే మా సంగతి ఏమిటో ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. మా హవల్దారు సాబ్ తమిళాయన, మాట తక్కువ మనిషి. అందరినీ దించి, చెడిన బండిని భుజాలతో నెట్టించి కొండ పక్కకు ఒరిగించాడు. లోయ వైపు మిగిలిన జాగాలో ఒక్కో బండీ దూరి వెళ్లాలి. ఎంత జాగా ఉందో కొలవడానికి టార్చి కూడా వెయ్యకూడదు.

నా కో-డ్రైవరు గఢ్వాల్ కుర్రాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. సెలవు నుంచి వచ్చేటప్పుడు మా అమ్మ పెట్టిన తెల్ల తుండొకటి నా దగ్గర ఉండేది. దాన్ని వీపున కప్పుకొని, లోయ అంచున వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు. నేను ఆ తుండు వెనకే బండి పోనిచ్చాను. వాడు పడిపోతే నేనూ పడిపోతాను, అంతే లెక్క. ఎంత దూరం అలా వెళ్లామో ఇప్పటికీ చెప్పలేను. క్లచ్ మీద కాలు వణకడం మాత్రం గుర్తుంది.

ఇంకా చీకటి ఉండగానే తోపుల దగ్గరికి చేరాం. గన్నర్లు పరుగున వచ్చి దించుకున్నారు. నా బండిలో 80 గుండ్లు. లంగర్ (ఫౌజు వంటశాల) వాడు మగ్గులో టీ పోసి ఇచ్చాడు. టీ చేతిలో ఉండగానే తోపులు మొదలయ్యాయి. బోఫోర్స్ 15 సెకన్లలోపు మూడు గుండ్లు వదలగలదు. తోపుల జట్టును బ్యాటరీ అంటారు, బ్యాటరీకి ఆరు తోపులు. అంటే ఒక్క దఫాకు 18. వేళ్ల మీద లెక్కేశాను. నా 80 గుండ్లు ఐదో దఫా నిండకుండానే అయిపోతాయి. రాత్రంతా పడ్డ పాటు, ఆ తుండు, ఆ లోయ, అన్నీ కలిపితే మగ్గులో టీ చల్లారేంత సేపు. అయినా ఆ కాసేపూ కొండ మీదికి పాకుతున్నవాళ్లు తల ఎత్తగలిగారు. మధ్యాహ్నం నిద్రపోయి, రాత్రికి మళ్లీ బండి తీశాం.

ఇదంతా అబ్బాయికి చెప్పాను. వాడు ద్రాస్ మ్యాపు మీద షడ్భుజాల గళ్లు గీసి ప్రింటు తీయించాడు. ఇద్దరం కూర్చొని నియమాలు రాసుకున్నాం. ప్రతి కాన్వాయ్‌కీ బిళ్ల ఉంటుంది. రాత్రిపూటే కదలాలి. పాచిక వేసి ఒకటి పడితే ఒక బండి చెడుతుంది, వెనకవన్నీ ఆగుతాయి. గుండ్ల బిళ్ల చేరకపోతే తోపు పేలదు. మొదటి ఆదివారం వాడు భారత పక్షం తీసుకొని మూడు దాడులు చేశాడు, మూడూ విఫలమయ్యాయి. “అంకుల్, ఇలాగైతే టోలోలింగ్ ఎప్పటికి తీస్తాం?” అన్నాడు. నిజంగా తీయడానికి మూడు వారాలు పట్టింది బాబూ అన్నాను. మే చివర్లో మొదలైతే జూన్ 13కు గాని చేతికి రాలేదు.

ఆ ఆటలోనే ఒక విషయం దగ్గర ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. వాడు బిళ్లల మీద అసలు పలటన్ల (బెటాలియన్ల) పేర్లు రాశాడు. ఒక దాడి విఫలమైనప్పుడు “2 రాజ్ రిఫ్ అవుట్” అంటూ రాజపుతానా రైఫిల్స్ రెండో పలటన్ బిళ్ల తీసి డబ్బాలో వేశాడు. నేను లేచి నిలబడ్డాను. టోలోలింగ్ తీసింది ఆ పలటనే. హైదరాబాదు కుటుంబం నుంచి వెళ్లిన మేజర్ పద్మపాణి ఆచార్యది ఆ పలటనే. ఆ జూన్ 28న నేలకొరిగాడు, మహావీరచక్ర వచ్చింది. ఆ పేరును డబ్బాలో వేయడం నావల్ల కాదని చెప్పాను. వాడు మంచి పిల్లడు. మాట్లాడకుండా లోపలికి వెళ్లి కొత్త బిళ్లలు కత్తిరించి తెచ్చాడు, ఉత్త అంకెలతో. సర్వీసు చేసినవాడికీ చెయ్యనివాడికీ ఆటలో ఏమిటి తేడా అంటే ఇదే అంటాను నేను. గెలవడం ఓడడం తర్వాత.

పనికొస్తుందా అని అడిగారు కదా. వందకు వంద పనికొస్తుంది. నేను చూసినంతలో సర్వీసు చేసినవాడు మొదటి టర్నులో దాడికి దిగడు. ముందు రోడ్లు చూస్తాడు, వంతెనలు చూస్తాడు. చెయ్యనివాడు ట్యాంకు బిళ్ల మీద అంకె ఎంత ఉందో చూస్తాడు. ఈ ఆటకు పునాది వేసినవాళ్లను చూసినా తెలుస్తుంది. 1824లో ప్రష్యాలో క్రీగ్‌ష్పీల్ అనే యుద్ధం ఆట నియమాలు అచ్చువేసిన రైస్విట్జ్ ఫిరంగిదళం లెఫ్టినెంటు. ఇంగ్లండులో బొమ్మసైనికుల ఆటను జనంలోకి తెచ్చిన డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ రెండో ప్రపంచయుద్ధంలో ట్యాంకు రెజిమెంటు మనిషి. బ్రిగేడియర్ పీటర్ యంగ్ కమాండో. అమెరికాలో పదుల కొద్దీ ఆటలు తయారుచేసిన జిమ్ డన్నిగన్ కూడా ఫౌజు చేసి వచ్చినవాడే. రచయిత హెచ్.జి.వెల్స్ సిపాయి కాడు కదా, ఆయనా ఆట రాశాడు కదా అంటారు. రాశాడు. 1913లో రాసిన ఆ ఆటలో సిపాయిలకు ఆకలి వేయదు.

ఆకలి అంటే గుర్తొచ్చింది. ఉత్తర ఆఫ్రికా యుద్ధం మీద 1979లో అమెరికాలో ఒక పెద్ద ఆట వచ్చింది, ఆడటానికి పదిమంది కావాలి. అందులో ఇటలీ పటాలాలకు పాస్తా ఉడకబెట్టుకోవడానికి అదనంగా నీళ్లు లెక్కకట్టాలని నియమం ఉంది. ఆటగాళ్లంతా దాన్ని తలుచుకొని పడిపడి నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ద్రాస్ ఎత్తులో నీళ్లు 90 డిగ్రీలు కూడా కాకుండానే మరుగుతాయి. ఎంతసేపు మరిగించినా పప్పు గింజ గింజగానే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ లేకపోతే లంగర్ నడవదు. కుక్కరుకు కిరోసిన్ కావాలి, ఆ కిరోసిన్ నా బండిలోనే రావాలి. నీళ్ల లెక్క లేని యుద్ధం ఉండదు. అన్నం తినకుండా కొండెక్కినవాణ్ణి చూపించండి, ఒప్పుకుంటాను.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. ఫౌజీ అని తెలియగానే మన దగ్గర సగం మంది అడిగే మొదటి మాట “క్యాంటీన్ సీసా ఏమైనా దొరుకుతుందా అన్నా?” 24 ఏళ్ల సర్వీసు వాళ్లకు ఒక సీసాలా కనిపిస్తుంది. రెండో మాట “ఎంతమందిని కాల్చావు?” ఎవర్నీ కాల్చలేదంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. నాలుగో అంతస్తు అబ్బాయి ఒక్కడే “రాత్రికి ఎన్ని కిలోమీటర్లు వెళ్లేవారు అంకుల్?” అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకు వాడికి ఎంత చెప్పినా తక్కువే అనిపిస్తుంది నాకు.

మా ఊళ్లో రచ్చబండ మీద సుద్దతో గీసి పులిజూదం ఆడేవాళ్లం. మూడు పులులు, పదిహేను మేకలు. మేక ఒక్క పులిని కూడా చంపలేదు. దారులు మూస్తుంది, అంతే. చివరికి పులి కదల్లేక ఓడిపోతుంది. మా తాత ఎప్పుడూ మేకల వైపే కూర్చునేవాడు. ఫౌజు మొహం చూడని ఆ మనిషికి ఉన్న జ్ఞానం, వేల రూపాయల పెట్టెల్లో వచ్చే ఆటల్లో సగంవాటికి లేదు. ఇది నా గట్టి నమ్మకం.

కాబట్టి స్టోర్స్‌లో చేసినవాళ్లు, లంగర్‌లో చేసినవాళ్లు, కంచరగాడిదలతో కొండెక్కినవాళ్లు, సిగ్నల్స్‌లో వైరు లాగినవాళ్లు, అందరూ గొంతు తగ్గించకుండా చెప్పండి. మీకు తెలిసినంత ఆట ట్యాంకు నడిపినాయనకు తెలియదు.

ప్రస్తుతం మా ద్రాస్ ఆట ఒక నియమం దగ్గర ఆగిపోయింది. మీలో ఎవరైనా ఈఎంఈలో రికవరీ బండి మీద చేసి ఉంటే రాయండి: ఇరుకు కొండదారిలో, రాత్రిపూట, లైటు లేకుండా, ఇరుసు విరిగిన లోడు బండిని పక్కకు తీయడానికి మీకు ఎంతసేపు పట్టేది? అబ్బాయి ఒక టర్ను అంటున్నాడు. నేను మూడు అంటున్నాను. ఆదివారంలోపు చెబితే మేలు.