హక్కుల సంఘాలు ఐక్యరాజ్యసమితికి సమస్యను ఎలా చెప్పుకుంటాయి?

ఎక్కువగా కేసు వేసి కాదు, ప్రభుత్వం ఇచ్చే నివేదికకు పోటీగా తమ సొంత నివేదిక పంపి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ఒప్పందాన్ని ఆమోదించిన దేశం దాన్నెలా అమలు చేస్తోందో జెనీవాలో నిపుణుల కమిటీకి ఎప్పటికప్పుడు చెప్పాలి, కానీ ఏ ప్రభుత్వమూ తన తప్పుల్ని తానే పూర్తిగా రాసుకోదు కాబట్టి కమిటీకి బయటి సమాచారం చాలా అవసరం.

2007లో జాతి వివక్ష నిర్మూలన కమిటీ ముందు మన దేశం వంతు వచ్చింది. కులం అంటే జాతి కాదు, ఇది మీ పరిధిలోకి రాదని ప్రభుత్వం వాదించింది. దళిత సంఘాలు అంటరానితనం, దాడులు, పాకీపని గురించి వివరాలు ముందుపెట్టాయి. పుట్టుకను బట్టి చూపే వివక్షలో కులమూ ఉందని 2002లోనే చెప్పిన కమిటీ ఆ మాటమీదే నిలబడింది, అట్రాసిటీ చట్టాన్ని గట్టిగా అమలు చేయమంది. ఇది చిన్న విషయం కాదు.

చాలామంది కమిటీ చెప్పినదాన్ని కోర్టు తీర్పు అనుకుంటారు. కాదు, ఇవి సిఫార్సులే, పాటించకపోతే శిక్ష ఉండదు. అయితే అవి అధికారిక రికార్డులో ఉండిపోతాయి, తర్వాతి సమీక్షలో ఏం చేశారని మళ్లీ అడుగుతారు, ఇక్కడి సంఘాలు కూడా వాటిని చూపించి నిలదీయొచ్చు.