నెదర్లాండ్స్‌లో పొలాలు చూడబోతున్నారా? గాజు ఇళ్ల దగ్గరే ఆగిపోకండి

వ్యవసాయ పత్రికకు రాస్తాననీ, పది రోజులు నెదర్లాండ్స్ రైతుల దగ్గర తిరగాలని ఉందనీ, ఎక్కడికి వెళ్లాలో ఏం అడగాలో చెప్పమనీ అడిగారు. ఇదే పని మీద నేను 2022 సెప్టెంబరులో వెళ్లొచ్చాను. నా అనుభవంలో ఒక్క మాట ముందే చెప్తాను. అక్కడి యంత్రాలు, పంటలు పండించే గాజు ఇళ్లు (గ్రీన్‌హౌసులు) మన పాఠకుడు ఫోన్లో ఇప్పటికే చూసేసి ఉంటాడు. మీరు అడగాల్సింది పంట ఎలా అమ్ముకుంటున్నారు, నీటిని ఎవరు చూసుకుంటున్నారు అని. మన రైతుకి పనికొచ్చే సంగతులు అక్కడే ఉన్నాయి.

చెప్పాపెట్టకుండా మాత్రం వెళ్లొద్దు. మన ఊళ్లలో గట్టున బండి ఆపి "పంటెలా ఉంది పెద్దాయనా" అంటే మాట కలుస్తుంది. అక్కడ వారాల ముందు ఈమెయిల్ రాసి, టైం ఖాయం చేసుకుని, ఆ టైంకే గేటు దగ్గరుండాలి. అలా వెళ్తే మాత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, లెక్కలతో సహా చెప్తారు.

హేగ్ నగరానికి దక్షిణాన, సముద్రం పక్కనున్న వెస్ట్‌లాండ్ ప్రాంతమంతా గాజు ఇళ్లే. ఒక టమాటా రైతు నాకు తెల్ల కోటు, చేతులకి గ్లౌజులు, కాళ్లకి తొడుగులు ఇచ్చి లోపలికి తీసుకెళ్లాడు. ఆకు తిప్పి అడుగు చూడటం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. చెయ్యి చాపానో లేదో, మణికట్టు పట్టుకుని ఆపేశాడు. టమాటాకి వచ్చే రుగోస్ వైరస్ 2019లో ఆ దేశంలో బయటపడింది. చేతులు, బట్టలు, కత్తెరలు తగిలితే చాలు, పాకిపోతుంది. వచ్చాక మందు లేదు. ఆయన భయం నాకు అర్థమైంది. మీరూ ఏ మొక్కనీ ముట్టుకోకండి.

ఆ తర్వాత ఆయనే ఒక తీగకి వేలాడుతున్న చిన్న అట్టముక్క చూపించాడు. దాని మీద ఆవగింజ కన్నా బాగా చిన్నవి, నల్లటి చుక్కలు. అవి కందిరీగ జాతి పురుగు ప్యూపాలు, అంటే రెక్కల పురుగు కాకముందు దశ. పురుగులు బయటికొచ్చి తెల్లదోమ పిల్లల లోపల గుడ్లు పెడతాయి, దోమ అక్కడితో ఆగిపోతుంది. పూత కాయగా మారడానికి బంబుల్ తేనెటీగల్ని అట్టపెట్టెలో తెచ్చి వదులుతారు. పైకప్పు మీద పడిన వాన చుక్క చుక్కా చెరువులోకి మళ్లించి అదే డ్రిప్‌లో ఇస్తారు. చదరపు మీటరుకి 50 కిలోల పైన పండిస్తారంటే ఎకరానికి 200 టన్నులు దాటుతుంది! కానీ ఆ అంకె ఒక్కటే రాసి ఊరుకోవద్దు. నేను వెళ్లినప్పుడు గ్యాస్ ధర ఆకాశంలో ఉంది. శీతకాలమంతా వేడి పెట్టే స్తోమత లేక చాలామంది నాట్లే ఆపుకున్నారు. ఆయన షెడ్డు పక్కదే ఖాళీగా ఉంది.

ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరున్న ఆల్స్‌మీర్ పూల వేలానికి తెల్లవారుజామునే వెళ్లండి. మన యార్డుల్లో పాట కిందినుంచి పైకి పోతుంది కదా, అక్కడ గడియారం మీద ధర పైనుంచి కిందికి దిగుతుంది. ముందు ఎవరు బటన్ నొక్కితే వాళ్లదే సరుకు. ఇంకాస్త దిగుతుందిలే అని చూసేవాడికి సరుకు దక్కదు. ఈ పద్ధతి 1887లో బ్రూక్ ఓప్ లాంగెడైక్ అనే ఊళ్లో, పడవలో తెచ్చిన కాలీఫ్లవర్‌తో మొదలైంది. అక్కడి వేలంశాల ఇప్పుడు మ్యూజియం, అదీ చూడండి. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఇది: ఆల్స్‌మీర్ వేలం నడిపేది పూల రైతుల సొంత సహకార సంఘం. గడియారం రైతులదే.

ఒక్క రోజే మిగిలితే నేనైతే ఫ్లెవోలాండ్‌కే పోతాను. ఒకప్పుడు అదంతా నీళ్లే. 1932లో సముద్రానికి అడ్డంగా 32 కిలోమీటర్ల కట్ట వేశారు. తర్వాత తూర్పు భాగాన్ని 1957లో, దక్షిణ భాగాన్ని 1968లో తోడి ఎండగట్టారు. బురద ఆరడానికి విమానంలోంచి రెల్లు విత్తనం చల్లారు. నేను కలిసిన ఉల్లి రైతు పొలం సముద్ర మట్టానికి చాలా కింద ఉంది. పంపులు ఆగితే పొలం ఉండదు. ఆ పంపుల్ని, కాలవల్ని చూసేవి వాటర్‌స్ఖాప్ అనే నీటి మండళ్లు. 13వ శతాబ్దం నుంచీ ఉన్నాయి. నాలుగేళ్లకోసారి ఎన్నికలు, సొంత పన్ను. ఆ రశీదు ఆయన నాకు చూపించాడు. 1997 చట్టంతో మనకీ నీటి సంఘాలు వచ్చాయి కాబట్టి ఈ సంగతి వివరంగా రాయండి. మన పాఠకుడు శ్రద్ధగా చదువుతాడు.

ఆయన ఉల్లి గోదాములో నేల కింది చీలికల్లోంచి వెచ్చటి గాలి పైకి కొడుతోంది. గుట్ట మీద చెయ్యి పెడితే పైపొర కరకరమంది. అలా ఆరబెట్టి వసంతకాలం దాకా ఉంచుకుని, ధర చూసుకుని అమ్ముతాడు. కర్నూలు యార్డుకి పచ్చి ఉల్లి తెచ్చి, ఏ రేటొస్తే ఆ రేటుకి వదిలేసిపోయే రైతులు నాకు అప్పుడు కళ్ల ముందు మెదిలారు. నా నోటుపుస్తకంలో ఎక్కువ పేజీలు ఆ గోదాము గురించే.

ఉల్లి కోత చూడాలంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్లండి. నేను వెళ్లినప్పుడు ఊరూరా రోడ్డు పక్కన తలకిందులుగా కట్టిన జాతీయ జెండాలు నాకు కనిపించాయి. పశువుల ఎరువు నుంచి వచ్చే నైట్రోజన్ తగ్గించాలన్న ప్రభుత్వం మీద రైతుల నిరసన అది. పాడి రైతుని కలిస్తే ఆ విషయం మీరే ముందు అడగండి. వాళ్లు గంటసేపు చెప్తారు, రాసుకోవడానికి రెండో పెన్ను దగ్గర పెట్టుకోండి.