ఆ సీటు నీదే, అమ్మలూ

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అమ్మలుకి అత్తయ్య ఆశీస్సులు.

నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు ఏదో అదృష్టంకొద్దీ వచ్చిందనీ, వచ్చే వారం సెమినార్‌లో నీ బండారం బయటపడుతుందనీ ఫోన్లో అన్నావు. పాఠాలు చెప్పినన్నాళ్లూ ఈ మాట నేను ఎక్కువగా బాగా చదివే పిల్లల నోటే విన్నాను.

1978లో అమెరికాలో పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీనికి 'ఇంపోస్టర్ ఫినామినన్' అని పేరు పెట్టారు. చదువులో, ఉద్యోగంలో పైకొచ్చిన 150 మందికి పైగా ఆడవాళ్లతో మాట్లాడితే, అంత సాధించి కూడా 'అందర్నీ ఎలాగో నమ్మించేశాం' అనుకుంటున్నారట. ఇది జబ్బు కాదు. మగపిల్లల్లోనూ ఉంటుంది, చాలామంది బయటికి చెప్పరంతే.

నువ్వు ఆలోచించే తీరు ఒకసారి చూసుకో. మార్కులొస్తే పేపర్ ఈజీ అంటావు, తగ్గితే నాకు బుర్ర లేదంటావు. రాత్రంతా మేలుకుని చదివి నెగ్గితే 'అంత కష్టపడితే ఎవరికైనా వస్తుంది'. ఆఖరి రోజు దాకా వాయిదా వేసి గట్టెక్కితే 'లక్కు'. ఎటు తిరిగినా నీ ఖాతాలో ఏమీ పడదు. అందుకే ఎన్ని పరీక్షలు పాసైనా ఈ భయం తగ్గడం లేదు.

ఇది పుట్టుకతో వచ్చింది కాదమ్మా. 'మా అమ్మాయికి చదవకుండానే వచ్చేస్తుంది' అని మీ నాన్న ఊరంతా చెప్పేవాడు. వాడిది ప్రేమే. కానీ అలా విని పెరిగిన పిల్లకి ఒక పాఠం కష్టమైతే, తన తెలివే అబద్ధమేమో అనిపిస్తుంది. క్లాన్స్, ఐమ్స్ కూడా కొన్ని ఇళ్లలో ఇదే గమనించారు. తర్వాత విజయవాడ హాస్టల్లో ఇంటర్: వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు. పక్కవాళ్లతో పోల్చుకోకుండా నిన్ను నువ్వు చూసుకోవడం అక్కడ ఎవరు నేర్పారు? పైగా టెన్త్ దాకా తెలుగు మీడియం. ఇంట్లో పీజీ దాకా వచ్చిన మొదటిదానివి. ఇంగ్లీషు తడబడితే సబ్జెక్టే రాదనుకుంటున్నావు. ఆ రెండూ వేరు. నీ మాట తీరు చూసి నవ్వేవాళ్లుంటే తప్పు వాళ్లది, దాన్ని కూడా నీ నెత్తిన వేసుకోకు.

ఇక సెమినార్ సంగతి. రోజుకి రెండు గంటలే పెట్టుకో, ముందురోజు రాత్రి భోజనాలవేళకి ఆపెయ్. మొదటి మూడు వాక్యాలు నోటికి వచ్చేలా పైకి చదువుకో, మిగతాది బోర్డు మీద బొమ్మ గీసి చెప్పు. తెలియని ప్రశ్న వస్తే 'చూసి చెప్తాను సార్' అను, మర్నాడు నిజంగా వెళ్లి చెప్పు. అయిపోగానే, ఎవరేమన్నారో అడగకముందే, ఏ పని చేసినందుకు ఏ భాగం బాగా వచ్చిందో డైరీలో రాసుకో. మళ్లీ ఎప్పుడైనా 'లక్కు' అనిపించినప్పుడు ఆ పేజీ తియ్యి.

మీ రూమ్మేట్‌తో కూడా ఈ భయం గురించి మాట్లాడు. క్లాసులో అందరూ అర్థమైనట్టు తలూపుతారు కాబట్టి నీకొక్కదానికే అర్థం కాలేదనిపిస్తుంది. నువ్వూ తలూపుతావు కదా, నిన్ను చూసి వాళ్లలో ఎంతమంది అదే అనుకుంటున్నారో.

నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా మొహమాటపడకు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, 14416కి పగలైనా రాత్రైనా ఫోన్ చెయ్యొచ్చు. ఉచితమే, తెలుగులోనే మాట్లాడొచ్చు. నాకూ చెప్పు.

ఆదివారం బస్సెక్కి వచ్చెయ్, నోట్సు తెచ్చుకో. మామయ్యని కూర్చోబెట్టి ఆయనకి అర్థమయ్యేలా ఒకసారి చెబుదువుగాని.

ఇట్లు,
మీ అత్తయ్య